గెలిచేది ఎవరో తెలిశాక పాత రెజ్లింగ్ మ్యాచ్‌లు మళ్లీ చూడడంలో ఏముంది? చూస్తే ఏవి చూడాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మీది భీమవరం దగ్గర ఊరు, వయసు ఇరవై నాలుగు. నాన్నగారు, బాబాయి కలిస్తే చాలు, డబ్ల్యుడబ్ల్యుఎఫ్ (ఇప్పటి డబ్ల్యుడబ్ల్యుఈ) రోజుల కబుర్లే. ఈ సంక్రాంతికి అందరూ ఇంటికి చేరుతున్నారు కాబట్టి పాత మ్యాచ్‌లు పెద్ద టీవీలో పెట్టి వాళ్లతో కూర్చుని చూద్దామనుకుంటున్నారు. అయితే అంతా ముందే అనుకుని ఆడేదని మీకు తెలుసు, ఎవరు గెలిచారో ఫోన్‌లో కొడితే వచ్చేస్తుంది. అలాంటప్పుడు కూర్చుని చూడడానికి ఏం మిగులుతుందన్నది మీ సందేహం.

సూటిగా చెబుతాను. తప్పకుండా చూడండి. ఒక్కటే చూసే టైముంటే 1997 రెసిల్‌మేనియా 13లో (ఏటా జరిగే వాళ్ల అతిపెద్ద షో అది) బ్రెట్ హార్ట్, స్టీవ్ ఆస్టిన్ మ్యాచ్ చూడండి. ఇంటిల్లిపాదీ కూర్చుంటే మాత్రం 1992 సమ్మర్‌స్లామ్ అనే షోలో బ్రెట్ హార్ట్, బ్రిటిష్ బుల్‌డాగ్ మ్యాచ్‌తో మొదలుపెట్టండి. రెజ్లింగ్ ఓనమాలు తెలియని మీ అమ్మగారు కూడా చివరిదాకా లేవరు. ఎందుకో కింద రాస్తాను.

నేను రాజోలు దగ్గర ఒక ఊళ్లో 1993 నుంచి చాలా ఏళ్లు కేబుల్ నడిపాను. పక్కనే వీడియో క్యాసెట్ల కొట్టు కూడా ఉండేది. స్టార్ వాళ్ల చానల్‌లో రెజ్లింగ్ వచ్చే టైముకి సిగ్నల్ పోయిందంటే కుర్రాళ్లు సైకిళ్లేసుకుని మా ఇంటి ముందుకు వచ్చేసేవారు. అడిగినవాళ్లకి అడిగిన మ్యాచ్ వెయ్యడం కోసం ఒక్కో క్యాసెట్ ఎన్నిసార్లు తిప్పానో లెక్క లేదు. కాబట్టి మళ్లీ చూడడం గురించి నేను చెప్పేది చూసి చూసి తెలుసుకున్నదే.

ఫలితం తెలియడం అడ్డు కాదు. మన వైపు తీర్థాల్లో పద్య నాటకం వేసినప్పుడు కురుక్షేత్రంలో ఎవరు గెలుస్తారో తెలియనివాడు ఆ జనంలో ఒక్కడైనా ఉంటాడా? అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. రాయబారం సీనులో కృష్ణుడు పద్యం ఎత్తుకుని రాగం ఎక్కడిదాకా లాగుతాడు, ఎక్కడ ఆపుతాడు, దుర్యోధనుడు అది ఎలా వింటూ నిలబడతాడు, దానికోసం వెళతారు. బాగుంటే వన్స్ మోర్ అంటారు. రెజ్లింగ్ మ్యాచ్‌ని కూడా నేను అలాగే చూస్తాను. మొదటిసారి ఎవరు గెలుస్తారోనన్న టెన్షన్ మన కళ్లని సగం కప్పేస్తుంది. రెండోసారికి గానీ ఆడినవాళ్ల పనితనం కనపడదు.

అందుకే నా కొలబద్ద ఒక్కటే. దెబ్బ కొట్టేవాడిని చూడకండి, తినేవాడిని చూడండి. మూడో నిమిషంలో మోకాలికి దెబ్బ తగిలితే పదిహేనో నిమిషంలో కూడా ఆ కాలు కుంటుతోందా? లేచి పరిగెత్తాల్సి వచ్చినప్పుడు ఆ కాలు గుర్తొచ్చి ఒక్క క్షణం తడబడ్డాడా? దీన్ని రెజ్లింగ్ భాషలో సెల్లింగ్ అంటారు. ఇది ఉన్న మ్యాచ్ ఎన్ని ఏళ్లయినా నిలుస్తుంది. లేని మ్యాచ్‌లో ఎన్ని పల్టీలున్నా రెండోసారి చూడబుద్ధి కాదు.

ఇప్పుడు ఆ 1992 మ్యాచ్. ఆగస్టు 29న లండన్ వెంబ్లీ స్టేడియంలో జరిగింది. వచ్చిన జనం 80,355 అని ప్రకటించారు. బుల్‌డాగ్ సొంత దేశం, బ్రెట్ చేతిలో ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు (ప్రపంచ చాంపియన్ తర్వాతి టైటిల్). అసలు సంగతి ఏమిటంటే బుల్‌డాగ్ భార్య డయానా బ్రెట్‌కి సొంత చెల్లెలు. బావా బావమరుదులు కొట్టుకుంటుంటే ఇంటి ఆడపడుచు రింగు దగ్గర కూర్చుని ఎవరివైపూ మాట్లాడలేక నలిగిపోతుంది. ఇది మన ఇళ్లల్లో ఎవరికి విడమరిచి చెప్పాలి? మా అమ్మకి రెజ్లింగ్ అంటే పడదు. ఆవిడే ఈ మ్యాచ్ చూసి, "ఆ పిల్ల గతేంటిరా పాపం" అంది. చివర్లో బ్రెట్ పైనుంచి దొర్లి బుల్‌డాగ్‌ని కింద పడేయబోతాడు. బుల్‌డాగ్ అక్కడే కూలబడి అతని కాళ్లు బిగించేస్తాడు, భుజాలు నేలకి ఆనించి మూడు లెక్కపెట్టేదాకా ఉంచితే గెలిచినట్టు, ఆ మూడు లెక్క పూర్తవుతుంది. ఆ రోజు బుల్‌డాగ్ అనుకున్నదంతా మర్చిపోతే తనే ఒక్కో ఎత్తూ అతని చెవిలో చెబుతూ నడిపించానని బ్రెట్ తర్వాతి రోజుల్లో చెప్పాడు. అది తెలిశాక మళ్లీ చూడండి. ఇద్దరూ పట్టులో ఉండి తలలు దగ్గరగా వచ్చిన ప్రతిసారీ మీ చూపు అక్కడికే పోతుంది. ఒక మనిషి ఇద్దరి మ్యాచ్ మోస్తూ, పైగా ఓడిపోవాల్సిన మనిషి అయ్యుండి, అంత జనం ముందు ఎక్కడా బయటపడలేదు.

దీనికి జంటగా 1994 మార్చి 20, న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్, రెసిల్‌మేనియా 10, బ్రెట్, అతని తమ్ముడు ఓవెన్. ఆ రోజు మొదటి మ్యాచే ఇది. అన్న నీడలో పెరిగానన్న కడుపుమంట తమ్ముడిది. తమ్ముడి మీద చెయ్యి ఎత్తడానికి మనసొప్పని వాడు అన్న. తమ్ముడు శుభ్రంగా, మోసం లేకుండా గెలుస్తాడు. అదే రాత్రి చివర్లో అన్న యోకోజునాని ఓడించి ప్రపంచ చాంపియన్ అవుతాడు. అందరూ అన్నని భుజాల మీద మోస్తుంటే తమ్ముడు దూరంగా నిలబడి చూస్తుంటాడు. ఆ చూపు కోసం చూడండి. ఓవెన్ 1999 మే 23న కాన్సాస్ సిటీలో, రింగులోకి పైకప్పు నుంచి తాడు మీద దిగే ప్రయత్నంలో పడి చనిపోయాడు. ఆ తర్వాత నేను ఈ మ్యాచ్ వేసినప్పుడల్లా చివరి రెండు నిమిషాలు గొంతు పట్టేస్తుంది. బుల్‌డాగ్ కూడా 2002లో పోయాడు, నలభై ఏళ్లు నిండకుండానే.

ఇక నేను మొదట చెప్పిన ఆస్టిన్ మ్యాచ్. దీనికి ముందు ఇంకొకటి చూడాలి, లేకపోతే సగమే అందుతుంది.

1996 నవంబరు 6 తుఫాను మీరు పుట్టకముందు సంగతి, నాన్నగారిని అడగండి. మా కేబుల్ వైరు అంతా కొబ్బరి చెట్టు నుంచి కొబ్బరి చెట్టుకి లాగిందే. చెట్లే నేలకూలాక ఇంక వైరేది. డిష్ పక్కవాళ్ల చేలో దొరికింది. కరెంటు వచ్చేసరికి వారాలు పట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, నవంబరు 17న, న్యూయార్క్‌లో సర్వైవర్ సిరీస్‌లో బ్రెట్ ఎనిమిది నెలల విరామం తర్వాత తిరిగి వచ్చి ఆస్టిన్‌తో ఆడాడు. మాకు ఆ సంగతే తెలియదు. మరుసటి ఏడాది మస్కట్ నుంచి సెలవుకి వచ్చిన ఒకాయన రికార్డు చేసిన క్యాసెట్లు తెచ్చారు. నరసాపురంలో ఆయన బంధువుల ఇంట్లో ఉన్నాయంటే పంటి (రేవు దాటించే పడవ) మీద గోదావరి దాటి వెళ్లి, తడవకుండా చొక్కాలో పెట్టుకుని తెచ్చాను. ఆ రాత్రి కొట్టు ముందు యాభై మందికి తక్కువ లేరు.

ఆ మ్యాచ్ ముగింపు చూడండి. ఆస్టిన్ వెనక నుంచి మెడ బిగించి పట్టాడు. బ్రెట్ మూలన ఉన్న స్తంభం మీద రెండు కాళ్లూ తన్ని వెనక్కి దొర్లాడు. పట్టు వదలకుండా ఆస్టిన్ కూడా కింద పడ్డాడు, అతని భుజాలు నేలకి ఆనాయి, మూడు లెక్క అయిపోయింది. పట్టు వదిలేసి ఉంటే ఓడేవాడు కాదు. మా దగ్గర ఇంటర్ చదివే కుర్రాడొకడు వెంటనే, "ఇది పైపర్ మీద వేసిన ఎత్తే కదండీ" అన్నాడు. నిజమే. 1992 రెసిల్‌మేనియా 8లో రాడీ పైపర్ మెడ పట్టినప్పుడు బ్రెట్ ఇలాగే గెలిచాడు. నాలుగేళ్ల కిందటి ఎత్తుని గుర్తుపెట్టుకుని చూసేవాళ్ల కోసం దాచి పెట్టారన్నమాట. ఆ కుర్రాడి మాట విన్నాకే క్యాసెట్లు పక్కపక్కన పెట్టి పోల్చి చూడడం నాకు అలవాటైంది.

ఇప్పుడు 1997 మార్చి 23, షికాగో పక్కన రోజ్‌మాంట్. ఎవరో ఒకరు ఓటమి ఒప్పుకోవాలన్నది షరతు. మధ్యలో రిఫరీగా కెన్ షామ్‌రాక్. మ్యాచ్ మొదలైనప్పుడు బ్రెట్ మంచివాడు, ఆస్టిన్ విలన్. బ్రెట్ పద్ధతి ప్రకారం ఆస్టిన్ కాలు మీద పని చేస్తూ పోతాడు. ఆస్టిన్ తల పగిలి రక్తం కారుతుంది, అది నిజం రక్తమే. చివరికి బ్రెట్ కాళ్లు మెలిపెట్టే తన షార్ప్‌షూటర్ పట్టు వేస్తాడు. ఆస్టిన్ ముఖం మీంచి రక్తం పళ్ల సందుల్లోకి దిగుతుంటుంది, అరుస్తుంటాడు, ఒప్పుకుంటున్నానన్న మాట మాత్రం నోట రాదు. అలాగే స్పృహ తప్పిపోతాడు. రిఫరీ ఆపేస్తాడు. గెలిచిన బ్రెట్ ఆగకుండా పడి ఉన్నవాడిని మళ్లీ కొడతాడు, షామ్‌రాక్ అతన్ని ఎత్తి అవతల పడేయాల్సి వస్తుంది. జనం బ్రెట్‌ని ఛీ కొడుతుంటే అతను వెళ్లిపోతాడు. ఆస్టిన్ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కుంటుకుంటూ వెళుతుంటే అదే జనం అతని పేరు అరుస్తారు. ఇరవై రెండు నిమిషాల్లో మంచివాడు చెడ్డవాడయ్యాడు, చెడ్డవాడు హీరో అయ్యాడు. రెండు మ్యాచ్‌లూ వరసగా చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. నవంబరులో ఆస్టిన్ పట్టు వదలక ఓడాడు, మార్చిలో ఓటమి ఒప్పుకోక ఓడాడు. రెండూ ఒకే మొండితనం. మొదటిసారి అది అతని కొంప ముంచింది, రెండోసారి అదే అతన్ని పైకి తీసుకుపోయింది. నా ముప్పై ఏళ్ల చూపులో దీన్ని మించిన మ్యాచ్ లేదు.

రిహార్సల్ అంటే ఏమిటో తెలియాలంటే 1987 మార్చి 29, రెసిల్‌మేనియా 3, రికీ స్టీమ్‌బోట్, ర్యాండీ సావేజ్. అంతకుముందు సావేజ్ రింగు గంటతో స్టీమ్‌బోట్ గొంతు మీద కొట్టాడన్నది కథ. సావేజ్ ప్రతి అడుగూ ముందే కాగితం మీద రాసుకునేవాడు. ఇద్దరూ ఒకరికొకరు అప్పజెప్పుకుంటూ కంఠతా పట్టారని స్టీమ్‌బోట్ చెప్పాడు. పధ్నాలుగున్నర నిమిషాల్లో రెండు లెక్కపెట్టి ఆగిపోయిన సందర్భాలు ఇరవై దాకా ఉంటాయి. ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. అదే రోజు హల్క్ హోగన్ ఆండ్రే ది జెయింట్‌ని ఎత్తి పడేశాడు. మీ నాన్నగారు ముందు అదే పెట్టమంటారు, పెట్టండి. ఆటగా చూస్తే అది నెమ్మదిగా ఉంటుంది. ఆండ్రే అప్పటికే వెన్ను ఆపరేషన్ అయిన మనిషి, కదలడమే కష్టం. ఆ శరీరంతో వచ్చి, తనని ఎత్తనిచ్చి, పెద్దరికం హోగన్ చేతిలో పెట్టి వెళ్లాడు. అలా చూస్తే దాని విలువ వేరు.

జనం గురించి ఒకటి చెప్పాలి. 2002 మార్చి 17, టొరంటో, రాక్, హోగన్. హోగన్ విలన్‌గా వచ్చాడు. 68,237 మంది జనం ఒప్పుకోలేదు, చిన్నప్పటి హీరోకి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. ఇద్దరూ ఆ గోల విని అక్కడికక్కడే ఆట మార్చుకున్నారు, రాక్ కొంచెం దురుసుగా, హోగన్ పాత హోగన్‌లా. ఆట మామూలే, గొప్పతనమంతా చెవులదే. దీన్ని తక్కువ సౌండులో పెట్టకండి.

అండర్‌టేకర్ లేకుండా నాన్నగారు ఊరుకోరు కదా. 2009 ఏప్రిల్ 5, హ్యూస్టన్, రెసిల్‌మేనియా 25, షాన్ మైకేల్స్‌తో. దాదాపు ముప్పై నిమిషాలు. మధ్యలో అండర్‌టేకర్ తాళ్ల మీదుగా బయటికి దూకి తల కిందులుగా పడతాడు. అది అనుకున్నట్టు జరగలేదు, చూసినప్పుడు నాకు గుండె ఆగినంత పనైంది. అండర్‌టేకర్ ఆఖరి ఎత్తు టూంబ్‌స్టోన్ పడ్డాక మైకేల్స్ భుజం లేపినప్పుడు అండర్‌టేకర్ ముఖం చూడండి, మాట లేకుండా అంత చెప్పిన ముఖం ఇంకోటి చూపించలేను. మరుసటి ఏడాది 2010లో ఇద్దరూ మళ్లీ ఆడారు, ఓడితే మైకేల్స్ ఆట మానెయ్యాలి. రెండూ ఒకే రాత్రి చూడగలిగితే చూడండి.

పిల్లలు ఉంటే పెట్టకూడనివి. 1998 జూన్ 28 పిట్స్‌బర్గ్‌లో అండర్‌టేకర్, మ్యాన్‌కైండ్ బోను మ్యాచ్ అందరూ చెబుతారు. పదహారు అడుగుల ఎత్తు నుంచి మనిషి పడతాడు, మళ్లీ ఎక్కి ఇంకోసారి బోను కప్పు విరిగి పడతాడు, పన్ను ఊడి ముక్కు దగ్గర కనపడుతుంది. నేను రెండుసార్లు చూశాను, మూడోసారి చూడను. 1999 రాయల్ రంబుల్‌లో అదే మ్యాన్‌కైండ్ (అసలు పేరు మిక్ ఫోలీ) చేతులకి బేడీలు వేసి తల మీద కుర్చీతో కొట్టిన మ్యాచ్ అసలు వద్దు. అతని భార్యాపిల్లలు ముందు వరసలో కూర్చుని ఏడ్చారు. క్రిస్ బెన్వా మ్యాచ్‌లు కూడా నేను కావాలనే చెప్పలేదు. 2007లో భార్యని, కొడుకుని చంపి తనూ చనిపోయాడు. ఆ తర్వాత అతని పనితనం గురించి మాట్లాడడానికి నాకు మనసు రాలేదు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెబుతున్నాను. ముందే అనుకుని ఆడినంత మాత్రాన దెబ్బలు అబద్ధం కాదు. రింగు కింద ఇనుప దూలాలు, వాటి మీద చెక్కలు, పైన పల్చటి ఫోమ్, కాన్వాస్. అంతే. ఎలా పడాలో ఏళ్ల తరబడి నేర్చుకున్నవాళ్లే వెన్నులు, మెడలు పోగొట్టుకున్నారు. మా వీధిలో తొమ్మిదో తరగతి కుర్రాడు గడ్డిమేటు మీంచి తమ్ముడి మీదకి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ వారం నుంచి మ్యాచ్ వేసే ముందు నేనే నిలబడి పిల్లలకి చెప్పేవాణ్ని, ఇంట్లో చెయ్యమని మాటిస్తేనే టీవీ పెడతానని. మీ ఇంట్లోనూ ఆ మాట చెప్పాకే పెట్టండి.

చూసే పద్ధతి కూడా చెబుతాను. మొదటిసారి మామూలుగా, అందరితో, గోల గోలగా. రెండోసారి ఒక్కరే కూర్చుని సౌండ్ తీసేసి చూడండి. రిఫరీ ఎప్పుడు వంగుతున్నాడో గమనించండి. చెయ్యి కదులుతోందా అని చూడడానికి వంగినట్టు కనపడుతుంది గానీ, ఎంత టైముందో, ఏం చెయ్యాలో ఒకరి మాట ఇంకొకరికి చేరవేసేది అతనే. ఒకే కూర్చోవడంలో ఐదారు మ్యాచ్‌లు పెట్టకండి. రెండు చాలు. 1996లో బ్రెట్, మైకేల్స్ గంటకు పైగా ఆడిన మ్యాచ్ ఉంది, గొప్పదే, కానీ కొత్తవాళ్లకి మొదటి ముప్పై నిమిషాలు బరువుగా ఉంటుంది. అది కనుమ తర్వాత, అందరూ వెళ్లిపోయాక చూసుకోండి. పాతవన్నీ ఇప్పుడు క్యాసెట్ల కాలంలాగా వెతుక్కోనక్కర్లేదు. 2025 ఏప్రిల్ నుంచి మన దేశంలో డబ్ల్యుడబ్ల్యుఈ నెట్‌ఫ్లిక్స్‌లో వస్తోంది, వాళ్ల యూట్యూబ్ చానల్‌లో కూడా చాలా పూర్తి మ్యాచ్‌లు ఉచితంగా ఉన్నాయి.

2023 సెప్టెంబరు 8న డబ్ల్యుడబ్ల్యుఈ వాళ్లు హైదరాబాద్ గచ్చిబౌలిలో ఆడినప్పుడు మా అన్నయ్య కొడుకు టికెట్ తీశాడు, నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాం. స్టేడియం మీద జి.ఎం.సి. బాలయోగి గారి పేరు చూసి, మన కోనసీమ మనిషి పేరున్న చోట ఇది చూస్తున్నానని చాలా సంతోషమేసింది. అందరూ జాన్ సీనా కోసం అరిచారు. నేను వెళ్లింది నటాల్యా కోసం. ఆ రోజు రియా రిప్లీతో ఆడి ఓడిపోయింది. బ్రెట్ హార్ట్‌కి స్వయానా మేనకోడలు, మేనమామ షార్ప్‌షూటర్ పట్టు ఈవిడకీ వచ్చు. ఆవిడ రింగులోకి నడిచి వస్తుంటే, చొక్కాలో క్యాసెట్లు పెట్టుకుని పంటి దాటిన రోజు గుర్తొచ్చింది. పక్కన కూర్చున్న మా వాడికి అప్పుడే ఈ కథంతా చెప్పాను. ఇంటికొచ్చాక వాడే అడిగి 1997 మ్యాచ్ పెట్టించుకున్నాడు.

భోగి రాత్రికి వెంబ్లీ మ్యాచ్, సంక్రాంతి రాత్రికి ఆస్టిన్ రెండు మ్యాచ్‌లు, ఇదీ నేను చెప్పే వరస. ఓవెన్ మ్యాచ్ మాత్రం మీ నాన్నగారు, బాబాయి ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నప్పుడే పెట్టండి.